పాత కంప్యూటర్‌కు కొత్త సీరియల్ పోర్టు
(దాతలు తెలుసుకోవలసిన ఒక చిన్న పాఠం)

2000 సంవత్సరం వచ్చింది, 'వై.టు.కె.' గండం గడిచింది. ఆ గండానికి జడిసి చాలా ఆఫీసులు, దుకాణాలు పాత కంప్యూటర్లను మూలన పెట్టి కొత్తవి కొనుక్కున్నాయి. ఆ పాతవాటిలో ఐదు, దాతల దయవల్ల, మన సంఘం నడుపుతున్న శిక్షణ కేంద్రానికి చేరాయి. చిక్కడపల్లి నుంచి రెండు, నారాయణగూడ నుంచి రెండు, అశోక్‌నగర్ నుంచి ఒకటి వచ్చాయి. రెండు 386లు, రెండు 486లు, ఒకటి తొలితరం పెంటియం.

"మాస్టర్ సాబ్, ఈ డబ్బాలు ఇంకా పనికొస్తాయా? తూకానికి అమ్మేసి, మేమంతా తలా కొంత వేసుకుని ఒక కొత్తది కొనిస్తే పోలేదా?" అని దాతలు మమ్మల్ని అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. ఇచ్చిన వస్తువు ఏమవుతోందో తెలుసుకునే హక్కు ఇచ్చినవారికి ఉంది. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కన్నా, ఆ యంత్రాల్లో ఒక చిన్న భాగం గురించి పాఠంలాగా చెబితే దాతలే తేల్చుకోగలరని మా నమ్మకం. ఆ భాగం పేరు సీరియల్ పోర్టు.

సీరియల్ పోర్టు చేసే పని

ఈ పాత కంప్యూటర్ల వెనకవైపు చూస్తే 9 సూదులతో ఒకటి, 25 సూదులతో ఒకటి సాకెట్లు కనిపిస్తాయి. సూదులు బయటికి కనబడేవి సీరియల్ పోర్టులు. వాటినే కామ్1, కామ్2 అంటారు. రంధ్రాలతో ఉండే 25 గడుల సాకెట్ ప్రింటర్‌ది, అది వేరు.

కంప్యూటర్ లోపల ఒక అక్షరానికి 8 బిట్లు ఒకేసారి పక్కపక్కన నడుస్తాయి. టెలిఫోన్ తీగ మీద అలా కుదరదు, ఒకదాని వెనక ఒకటి వరుసగా పోవాలి. స్కూల్లో ప్రార్థన అయ్యాక వరసగా నిలబడ్డ పిల్లలు ఒక్కొక్కరే గుమ్మం దాటి క్లాసులోకి వెళ్లినట్టు అన్నమాట. ఈ వరుస కట్టించే పని, అవతల మళ్లీ ఎనిమిదిని కలిపే పని ఒక చిప్ చేస్తుంది. దాని పేరు యు.ఎ.ఆర్.టి. అక్షరం మొదలైందని చెప్పడానికి ఒక బిట్, ముగిసిందని చెప్పడానికి ఒక బిట్ ఇదే కలుపుతుంది. అందుకే ఒక అక్షరానికి 8 కాదు, 10 బిట్లు లెక్క వేసుకోవాలి. ఈ లెక్క కింద మళ్లీ అవసరమవుతుంది.

ఈ పోర్టుకే మోడెమ్ తగిలిస్తారు. మోడెమ్ ఫోన్ లైనుకు తగులుతుంది. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ తెరిచిన తొలి సంవత్సరాల్లో మన ఇళ్లలోకి ఈ-మెయిల్ వచ్చిన దారి ఇదే. 1998 నవంబరు నుంచి ప్రైవేటు కంపెనీలకు కూడా అనుమతి ఇచ్చాక కనెక్షన్లు పెరిగాయి. కనెక్షన్ ఎవరిదైనా అప్పట్లో దారి మాత్రం ఒకటే: ఫోన్ లైను, మోడెమ్, సీరియల్ పోర్టు, కంప్యూటర్.

పోయిన అంకె

మన బస్తీల్లో ఎన్నో ఇళ్లలో తండ్రో అన్నో జిద్దాలో, దుబాయిలో పనిచేస్తున్నారు. అప్పట్లో ఐ.ఎస్.డి. చేయాలంటే చెయ్యి వణికేది, ఉత్తరం రావడానికి రోజులు పట్టేది. కేంద్రంలో ఈ-మెయిల్ పెట్టిన కొత్తల్లో ఒక తల్లి తన భర్త పంపిన సందేశం అచ్చు తీయించుకుని వెళ్లారు. మర్నాడు మళ్లీ వచ్చారు.

"మాస్టర్ సాబ్, పాస్‌పోర్టు నంబరులో ఏడు అంకెలుండాలట. ఇందులో ఆరే ఉన్నాయి."

"ఆయనే తప్పు కొట్టారేమో బేటీ."

"లేదు సాబ్. ఫోన్ చేసి అడిగాను. ఏడూ కొట్టానంటున్నారు."

ఆమె చెప్పింది నిజం. అదే సందేశాన్ని కేంద్రంలోని పెంటియం మీద తెరిస్తే ఏడు అంకెలూ ఉన్నాయి. 386 మీద తెరిస్తే ఒకసారి అంకె పోయింది, ఇంకోసారి ఊరి పేరులో అక్షరం పోయింది. ఫోన్ లైను ఒకటే, మోడెమ్ ఒకటే. తేడా కంప్యూటర్‌లోనే ఉంది.

సాధారణంగా ఇలాంటప్పుడు మనం ఫోన్ లైనును తిట్టుకుంటాం. కాని ఈ మోడెమ్‌లు లైను మీద వచ్చే పొరపాట్లను తమలో తామే సరిదిద్దుకుంటాయి. అవతలి మోడెమ్ పంపింది పాడైతే ఇవతలి మోడెమ్ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. ఆ కాపలా మోడెమ్ నుంచి మోడెమ్ వరకే. మోడెమ్ నుంచి కంప్యూటర్ లోపలికి ఉన్న ఆ రెండు గజాల దారిలో కాపలా లేదు. అంకె పోయింది అక్కడ.

పోవడానికి కారణం ఇది. యు.ఎ.ఆర్.టి. చిప్‌ను వాకిట్లో ఉన్న పోస్టు డబ్బా అనుకోండి. పాత చిప్‌లో ఆ డబ్బాలో ఒక్క ఉత్తరమే పడుతుంది. ఉత్తరం రాగానే చిప్ గంట కొడుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి వచ్చి తీసుకెళ్లాలి. ఈ గంటనే ఇంటరప్ట్ అంటారు. ప్రాసెసర్ ఆ క్షణంలో డిస్కు మీద ఏదో రాస్తూ ఉండి రావడం ఆలస్యమైతే, ఈలోగా వచ్చిన తర్వాతి ఉత్తరం మొదటిదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది.

ఎంత ఆలస్యం? మోడెమ్, కంప్యూటర్ మధ్య వేగం సెకనుకు 57,600 బిట్లు అనుకుందాం. అక్షరానికి 10 బిట్లు కాబట్టి సెకనుకు 5,760 అక్షరాలు. అంటే సెకనుకు 5,760 సార్లు గంట. ఒక గంటకూ ఇంకో గంటకూ మధ్య వ్యవధి సెకనులో పదిలక్షల వంతులు 174 మాత్రమే. ఆపాటి వ్యవధిలో ప్రతిసారీ పరుగెత్తుకు రావడం 386కు సాధ్యం కాదు. విండోస్ నడుస్తుంటే 486కు కూడా కష్టమే.

తెర మీద అక్షరాలు మాత్రమే కనబడే షెల్ అకౌంట్‌లో అక్షరం పోతే పోయినట్టే. బొమ్మలు కూడా వచ్చే రకం కనెక్షన్‌లో, పాడైన మూటను కంప్యూటర్ గుర్తుపట్టి మళ్లీ తెప్పించుకుంటుంది. అక్కడ అంకె పోదు, కాలం పోతుంది. ఫోన్ మీటరు మాత్రం రెండు చోట్లా తిరుగుతూనే ఉంటుంది.

చిప్‌ల వంశవృక్షం

1981లో ఐ.బి.ఎం. మొదటి పి.సి. తెచ్చినప్పుడు దాని సీరియల్ కార్డులో వాడిన చిప్ 8250. 1984లో వచ్చిన ఎ.టి. యంత్రాల్లో 16450 చేరింది. ఇది 8250 కన్నా చురుకైనదే గాని, పోస్టు డబ్బా మాత్రం అదే, ఒక్క ఉత్తరానిది. 1987లో పి.ఎస్./2 యంత్రాలతో 16550 వచ్చింది. ఇందులో రాకకు 16 అక్షరాల గది, పోకకు 16 అక్షరాల గది పెట్టారు. ముందు వచ్చింది ముందు పోయే ఈ గదిని ఫిఫో అంటారు. అయితే తొలి 16550లో ఆ గది సరిగా పనిచేయలేదు. దాన్ని దిద్ది తెచ్చిందే 16550ఎ. కొనేటప్పుడు ఆ చివరి అక్షరం చూసి కొనాలి.

కొత్త చిప్ 14 అక్షరాలు చేరాక ఒకసారి గంట కొట్టేలా పెట్టుకోవచ్చు. అప్పుడు పైన చెప్పిన 5,760 గంటలు సుమారు 411కు దిగుతాయి. గంట కొట్టాక కూడా ఇంకా రెండు అక్షరాలకు చోటు ఉంటుంది. ప్రాసెసర్ పాతదే, వేగం పాతదే, పరుగు మాత్రం తగ్గింది.

మీ కంప్యూటర్‌లో ఏది ఉందో చూడటం

ఇవ్వదలచిన కంప్యూటర్‌లో ఏ చిప్ ఉందో దాతలే ఇంట్లో చూసుకోవచ్చు, పెట్టె విప్పనక్కరలేదు.

డాస్ యంత్రమైతే ఎం.ఎస్.డి. అని టైపు చేసి ఎంటర్ కొట్టాలి. విండోస్‌లోంచి కాకుండా, డాస్ నుంచే నడపాలి. వచ్చిన తెర మీద కామ్ పోర్టుల విభాగం తెరిస్తే చివరి వరుసలో చిప్ పేరు ఉంటుంది. 8250 అని వస్తే పాత జాతి. 16450ని కూడా ఈ ప్రోగ్రాం 8250 అనే చూపిస్తుంది, రెండూ మనకు ఒకటే. 16550 అని మొదలైతే మంచిది.

విండోస్ 95 లేదా 98 అయితే, మోడెమ్ తగిలించి, కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్స్ తెరిచి, డయాగ్నస్టిక్స్‌లో ఆ పోర్టును ఎంచుకుని 'మోర్ ఇన్ఫో' నొక్కాలి. చిప్ పేరు అక్కడ కనిపిస్తుంది.

మార్చడానికి మూడు దారులు

మొదటి దారి, చిప్ మార్చడం. బాగా పాత కార్డుల మీద 8250 లేదా 16450 చిప్ 40 కాళ్లతో పొడుగ్గా, సాకెట్‌లో కూర్చుని ఉంటుంది. దాన్ని మెల్లగా పైకి లేపి, అదే చోట 16550ఎ కూర్చోబెట్టవచ్చు. కాళ్ల అమరిక సరిపోతుంది. చిప్ ఒక కొసన ఉండే నొక్కు పాత చిప్‌కు ఎటు ఉందో కొత్తదానికీ అటే ఉండాలి. తిరగేసి పెట్టి కరెంటిస్తే చిప్ కాలిపోతుంది. చిప్ సాకెట్‌లో లేకుండా బోర్డుకే అతికి ఉంటే ఈ దారి వదిలేయాలి. 40 కాళ్లూ కరిగించి తీసే శ్రమకు కొత్త కార్డే చవక.

రెండో దారి, కార్డు వేయడం. చాలా 486లలో డిస్కు, ఫ్లాపీ, ప్రింటర్, సీరియల్ పోర్టులు అన్నీ కలిపి ఒకే 'మల్టీ ఐ.ఓ.' కార్డు ఉంటుంది. అన్ని పనులూ ఒకే పెద్ద చిప్‌లో ఉంటాయి కాబట్టి విడిగా మార్చడానికి వీలుండదు. అప్పుడు కార్డు మీద జంపర్ మార్చి పాత సీరియల్ పోర్టును ఆపేసి, ఖాళీ స్లాటులో 16550ఎ ఉన్న వేరే సీరియల్ కార్డు పెట్టాలి. డిస్కు, ప్రింటర్ పాత కార్డు మీదే నడుస్తాయి.

మూడో దారి, లోపలి మోడెమ్. కంప్యూటర్ లోపల బిగించే మోడెమ్ కార్డుకు తన సొంత యు.ఎ.ఆర్.టి. ఉంటుంది. మోడెమ్ ఎలాగూ కొనవలసి ఉంటే పాత పోర్టుతో పనే లేదు. ఒక హెచ్చరిక: చవకగా దొరికే కొన్ని మోడెమ్‌లు తమ పనిలో చాలాభాగం విండోస్ మీద, ప్రాసెసర్ మీద మోపుతాయి. వాటిని విన్‌మోడెమ్‌లు అంటారు. అవి పెంటియంకు సరిపోవచ్చు గాని 386కు, 486కు పనికిరావు. డాస్‌లో కూడా పనిచేస్తుందా అని ముందే అడిగి తీసుకోవాలి.

విడి చిప్‌లకు కోఠీలోని గుజరాతీ గల్లీ, కార్డులకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అప్పట్లో వెతకదగ్గ చోట్లు. వాడిన కార్డు కొంటే అక్కడే ఒక యంత్రంలో పెట్టించి, ఎం.ఎస్.డి.లో పేరు చూసుకుని మరీ డబ్బు ఇవ్వాలి.

చిప్ పెట్టాక చూడవలసినవి

చిప్ మార్చినంత మాత్రాన పని అయిపోదు. ఈ నాలుగూ చూడాలి.

1. ఫిఫో తెరిచి ఉందా? 16550ఎ చిప్ కరెంటు రాగానే పాత 16450లాగే ప్రవర్తిస్తుంది. గది తెరవమని ప్రోగ్రాం చెప్పాలి. విండోస్ 95లో పోర్టు సెట్టింగుల్లో 'యూజ్ ఫిఫో బఫర్స్' దగ్గర టిక్కు ఉండాలి. డాస్‌లో అయితే 16550ని ఎరిగిన మోడెమ్ ప్రోగ్రామే వాడాలి.

2. గంటల తగవు లేదు కదా? కామ్1, కామ్3 ఒకే ఇంటరప్ట్ గీత, నాలుగో నంబరు, వాడుకుంటాయి. కామ్2, కామ్4 మూడో నంబరు వాడుకుంటాయి. మౌస్ కామ్1లో ఉంటే మోడెమ్‌ను కామ్3లో పెట్టకూడదు. మౌస్ కదిపితే లైను తెగిపోయే జబ్బుకు చాలాసార్లు మూలం ఇదే.

3. కేబుల్ పూర్తిదా? మూడు తీగల కేబుల్‌తో కూడా మోడెమ్ మాట్లాడుతుంది. కాని 'ఆగు', 'పంపు' అని చెప్పే తీగలు అందులో ఉండవు. అన్ని తీగలూ ఉన్న మోడెమ్ కేబుల్ తీసుకుని, ప్రోగ్రాంలో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఎంచుకోవాలి.

4. పోర్టు వేగం ఎంత? మోడెమ్ వచ్చే సమాచారాన్ని కుదించి తెస్తుంది, ఇవతల విప్పి ఇస్తుంది. అందుకని పోర్టు వేగం లైను వేగం కన్నా ఎక్కువ ఉండాలి. 33,600 మోడెమ్‌కు పోర్టును 57,600 దగ్గర గాని, యంత్రం తట్టుకుంటే 1,15,200 దగ్గర గాని పెట్టాలి.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు తీసి, కంప్యూటర్ లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి ముట్టుకోవాలి. మన ఎండాకాలపు పొడిగాలిలో ఒంటి మీద చేరే విద్యుత్తు మనకు తెలియదు గాని చిప్‌ను చంపగలదు. పిల్లలకు మేము నేర్పే మొదటి నియమం ఇదే.

మన ఐదు యంత్రాల లెక్క

పెంటియంలో 16550 ముందే ఉంది, ఖర్చు లేదు. మొదటి 386లో చిప్ సాకెట్‌లో ఉంది, చిప్ ఒక్కటి మార్చాం. అంకె పోయింది ఈ యంత్రంలోనే. తర్వాత అదే సందేశాన్ని దాని మీద పదిసార్లు తెరిపించాం, పదిసార్లూ ఏడు అంకెలూ వచ్చాయి. మొదటి 486లో మల్టీ ఐ.ఓ. కార్డు ఉంది, పోర్టు ఆపి వేరే సీరియల్ కార్డు వేశాం. మిగిలిన 386, 486లను పిల్లలు టైపింగ్‌కు, లెక్కలకు వాడుకుంటారు. వాటి పోర్టుకు మౌస్ ఒక్కటే తగులుతుంది. మౌస్‌కు సెకనుకు 1,200 బిట్లు చాలు, ఆ పనికి 8250 నిక్షేపంలా సరిపోతుంది. కాబట్టి వాటిని ముట్టుకోలేదు.

ఐదు యంత్రాలకు కలిపి కొన్నవి ఒక చిప్, ఒక కార్డు. "ఇవన్నీ తీసేసి కొత్తవి కొనండి సార్" అన్న దుకాణం మాట వింటే, ఉన్న డబ్బుకు ఒక్కటి వచ్చేది. ఒకటి ముందు ముప్పైమంది పిల్లలు నిలబడేవారు.

కాలం లెక్క కూడా చూడండి. అక్షరాలు పోతున్నాయని పోర్టు వేగాన్ని 9,600కు దింపుకుని వాడేవారు అప్పట్లో చాలామంది ఉండేవారు. ఆ వేగంలో పది లక్షల అక్షరాల ఫైలు రావడానికి 17 నిమిషాలకు పైగా పడుతుంది. 33,600 దగ్గర సాఫీగా వస్తే అదే ఫైలుకు 5 నిమిషాలు చాలు. తేడా 12 నిమిషాలు. ఆ ఫోన్ బిల్లు కట్టేది దాతల డబ్బుతోనే.

ఈ చిప్ అన్ని రోగాలకూ మందు కాదని కూడా చెప్పాలి. మెమరీ 4 ఎం.బి. ఉన్న యంత్రంలో బొమ్మల పేజీలు తెరవడం దుర్లభం, చిప్ మార్చినా అంతే. తేదీ 2000కు మారని యంత్రంలో తేదీ సమస్య అలాగే ఉంటుంది. లైనులో గరగర ఉంటే అదీ పోదు. ఈ-మెయిల్, దరఖాస్తులు, ఫలితాలు చూసుకోవడం వంటి అక్షరాల పని వరకే ఈ మార్పు వల్ల లాభం. మన కేంద్రంలో ముప్పాతిక పని అదే.

దాతలకు విన్నపం

1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచారు, నగరానికి కొత్త పేరు వచ్చింది. ఆ పేరులో మన వీధుల పిల్లలకూ వాటా దక్కాలంటే వారి వేళ్ల కింద ఒక కీబోర్డు ఉండాలి. నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు కోసం తెల్లవారుజామునే వచ్చి కూర్చునే మన కుర్రవాళ్లకు పట్టుదల తక్కువ లేదు. తక్కువైంది వస్తువే.

కంప్యూటర్ ఇచ్చే దాతలు దయచేసి మూడు విషయాలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత, ఎం.ఎస్.డి.లో చిప్ పేరేమని వచ్చింది. దానితో వచ్చిన కేబుళ్లు, ఫ్లాపీలు, కార్డుల పుస్తకాలు పారేయకుండా కలిపి ఇవ్వండి. ఏ జంపర్ ఎక్కడ పెట్టాలో ఆ పుస్తకంలోనే ఉంటుంది. అది లేకపోతే ఒక పూట పని రెండు రోజులవుతుంది. చెడిపోయిన యంత్రమైనా ఇవ్వవచ్చు. అందులోని సీరియల్ కార్డు ఇంకో యంత్రానికి ప్రాణం పోయవచ్చు.

యంత్రం కాక డబ్బు ఇచ్చేవారు ఈ ఏడు చిన్న భాగాల కోసం కొంత విడిగా కేటాయించండి. ఒక చిప్ ఖరీదుకు దాత పేరు ఫలకం మీద చెక్కించలేం. కాని జిద్దా నుంచి వచ్చిన నంబరులో ఏడో అంకె చెక్కుచెదరకుండా ఇంటికి చేరినప్పుడు, ఆ పుణ్యంలో పెద్దభాగం ఆ చిప్ ఇచ్చినవారిదే.